జూలైలో బెల్టు దిగిన అల్మేదా

మార్చి నెల మూడో ఆదివారం పొద్దున అల్మేదా దుగే టీ కాచుకుని, నిరుద్యోగ భృతి ఆఫీసుకి రెండు వారాలకోసారి పంపాల్సిన రిపోర్టు పంపుదామని టాబ్లెట్టు ముందు కూర్చుంది. అది మామూలుగా అడిగే మొదటి ప్రశ్న, ఈ వారం పని చేశారా అని. ఆ రోజు ఏమీ అడగలేదు. మీకు రావలసిన వారాలు పూర్తయ్యాయి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

ఆమె పెద్దగా కంగారు పడలేదు. కాప్-ఫిదేల్ ఊళ్ళో ఇలాంటి ఆదివారం చూడని ఇల్లు లేదు. సముద్రం మీద మంచు కదిలి, పడవలు బయటికి వెళ్తే గానీ ఆమె పని చేసే పీతల ఫ్యాక్టరీ తెరవరు. అది ఏప్రిల్ ఆఖరు మాట. నిరుద్యోగ భృతి మార్చిలోనే ఆగిపోతుంది. మధ్యలో మిగిలిపోయే ఆ ఐదారు వారాల్ని ఊరంతా నల్లగొయ్యి అంటుంది. ఆ గొయ్యి దాటించడానికే సీజను పనివాళ్ళకి ఇంకో ఐదు వారాలు కలిపి ఇస్తున్నారు. అవి తనకీ వస్తాయని అల్మేదాకి గట్టి నమ్మకం. ఒకటి రెండు రోజులు ఆలస్యం అవుతుందేమో, అంతే.

ఆ నమ్మకం ఆమెకి ఆడపడుచు ఫ్లోరీన్ వంటింట్లో దొరికింది. ఫ్లోరీన్ తోటలకి వాడే పీట్ మట్టిని బస్తాలకెత్తే కంపెనీలో పని చేస్తుంది. ఏటా అక్టోబరులో వానలకి ఆ పని ఆగిపోతుంది, ఏటా ఆమెకి ఆ ఐదు వారాలు వస్తాయి. ఎందుకొస్తాయో ఆమె ఎప్పుడూ అడగలేదు. వచ్చేదాన్ని ఎందుకని అడిగేవాళ్ళెవరు.

"ఐదేళ్ళలో మూడుసార్లు భృతి ఆఫీసు గుమ్మం ఎక్కితే చాలే. ఆ పైన వాళ్ళే కూర్చోబెట్టి వడ్డిస్తారు. నువ్వు నాలుగుసార్లు ఎక్కావు. ఇంకేం కావాలి నీకు?" అంది ఫ్లోరీన్, జనవరిలో.

జనవరిలో ఆ మాట ఎందుకొచ్చిందంటే, బాథర్స్ట్ పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమం ఒకటి బట్టలుతికే గదికి మనిషి కావాలని కబురు పెట్టింది. పర్మనెంటు పని. ఏడాది పొడుగునా జీతం. అల్మేదా వయసు యాభై ఏడు, ఇలాంటి పని మళ్ళీ ఎవరూ ఇవ్వరు. కానీ చేరితే పట్నంలో గది తీసుకోవాలి. ఫ్యాక్టరీ సీనియారిటీ పట్టీలోంచి పేరు కొట్టేస్తారు. ముప్పై ఒక్క సీజన్లు నిలబడ్డ ఆ పీతల బెల్టు దగ్గర ఇక నిలబడదు. భర్త యులిస్ పోయి అప్పటికి ఏడాది అయింది. ఇంట్లో మిగిలింది తను, బయట మిగిలింది ఆ బెల్టు. ఐదు వారాలు ఎలాగూ వస్తున్నాయి కదా, గొయ్యి దాటేస్తాను అనుకుని, వసంతం వచ్చాక చెప్తానని ఆశ్రమానికి చెప్పింది. వాళ్ళు సరే అన్నారు గానీ గడువు పెట్టారు. ఆ గడువు ఇప్పుడు ఈ శుక్రవారం.

మంగళవారం దాకా చూసింది. వారాలు రాలేదు. బుధవారం పొద్దున కోటు తగిలించుకుని లైబ్రరీకి వెళ్ళింది.

లైబ్రరీలో లెయొంటీన్ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు మఠంలో చేరి ఆరు నెలలకే తిరిగొచ్చిన మనిషి. పుస్తకాలిచ్చే పని ఆవిడకి రోజుకి అరగంట కూడా ఉండదు. మిగతా పొద్దంతా ఊళ్ళోవాళ్ళ దరఖాస్తులు నింపుతుంది. అల్మేదా తెచ్చిన కాగితాలన్నీ ఆవిడ బల్ల మీద పరిచి, కళ్ళజోడు ముక్కు చివరికి దించి చాలాసేపు చూసింది.

"ఐదేళ్ళలో నాలుగు క్లెయిములు. మూడు చాలు, నీకు నాలుగున్నాయి. ఫ్లోరీన్ చెప్పింది తప్పేం కాదు. సగం చెప్పింది, అంతే."

"మిగతా సగం ఏంటక్కా?"

"ఎన్నిసార్లు వచ్చావనే కాదు, ఎప్పుడెప్పుడు వచ్చావని కూడా చూస్తారు." లెయొంటీన్ గోడ మీద క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టింది. పెన్సిలుతో అక్టోబరు మొదటి వారం చుట్టూ సున్నా చుట్టింది. "ఇప్పటి క్లెయిము ఇక్కడ మొదలైంది. ఇక్కణ్ణుంచి ఎనిమిది వారాలు వెనక్కి, ఎనిమిది వారాలు ముందుకి లెక్కపెట్టు. ఆగస్టు మొదట్నించి నవంబరు ఆఖరు దాకా వస్తుంది. నీ పాత క్లెయిముల్లో కనీసం రెండు ఈ మధ్యన మొదలై ఉండాలి. ఏటా ఒకే కాలంలో పని పోతుంటేనే నువ్వు సీజను మనిషివని వాళ్ళు ఒప్పుకుంటారు."

"ముప్పై ఒక్క ఏళ్ళుగా పీతల కంపు కొడుతున్నా ఒప్పుకోరా?"

"కంపు మీద తేదీ ఉండదు కదే."

ఇద్దరూ నవ్వారు. తరవాత లెయొంటీన్ ఒక్కో కాగితం తీసి చదివింది. ఐదేళ్ళ కిందటిది అక్టోబరు. అది లోపలుంది. దాని తరవాతది జూలై పన్నెండు. ఆ తరవాతది జూలై పద్నాలుగు. నాలుగోది జూలై ఇరవై.

"మరి ఇప్పటిదానికి ముందు ఏడుది?"

"ఆ ఏడు జబ్బుపడ్డ యులిస్‌ని చూసుకోవడానికి ఇంట్లో ఉన్నావు. అది వేరే రకం భృతి. ఈ లెక్కలోకి రాదు."

అల్మేదా క్యాలెండరు వంక చూసింది. లోపల ఉన్నది ఒక్కటే. కావలసినవి రెండు. జూలై ఇరవైకీ ఆగస్టు మొదటికీ మధ్య ఖాళీ రెండు వేళ్ళ వెడల్పు కూడా లేదు.

"జూలైలో ఎందుకే ఇన్నిసార్లు? హెర్రింగ్ చేపల పని అక్టోబరు దాకా ఉంటుందిగా మీకు?"

దీనికి జవాబు ఫ్యాక్టరీలో పని చేసినవాళ్ళకే తెలుసు, అల్మేదా చెప్పింది. జూలైలో పీతలు అయిపోతాయి. ఆగస్టు నుంచి హెర్రింగ్ వస్తుంది గానీ దానికి సగం మంది చాలు. పీతలు అయిపోయిన రోజు ఫోర్‌మన్ ఆర్మెల్ ఒక ప్లాస్టిక్ పెట్టె బోర్లించి దాని మీదెక్కి, చేతిలో కాగితంతో నిలబడతాడు. పట్టీలో కింద ఉన్నవాళ్ళని ఇంటికి పంపాలి. కింద ఉండేది ఎవరంటే కొత్తగా చేరినవాళ్ళు. భృతికి కావలసిన పని గంటలు నిండనివాళ్ళూ వాళ్ళే. గంటలు నిండకుండా ఇంటికెళ్తే ఆ చలికాలం ఏమీ రాదు. అందుకని, ఆర్మెల్ నోరు తెరవక ముందే, గంటలు నిండిన పాతవాళ్ళలో కొందరు ఏప్రను విప్పి మేకుకి తగిలించేస్తారు. నన్ను ముందు పంపు, ఆ పిల్లని ఉంచు అని దాని అర్థం. యూనియను దానికి ఒప్పుకుంది, కంపెనీకి అభ్యంతరం లేదు. దాన్నే బెల్టు దిగడం అంటారు.

అల్మేదా ఎప్పుడూ మొదట దిగేది. ఒక ఏడు పాలు తాగే పిల్ల ఉన్న ఒకామె కోసం, ఒక ఏడు మొగుడు వదిలేసిన ఇంకొకామె కోసం. మూడో ఏడు ఎవరి కోసమో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పోయిన జూలైలో మాత్రం దిగలేదు. యులిస్ లేడు, యులిస్ పడవ లేదు. ఎన్ని గంటలు చేస్తే అంత మంచిది అనుకుని అక్టోబరు దాకా నిలబడింది.

"అంటే ఈసారి కూడా జూలైలోనే దిగి ఉంటే..."

"నీ జూలైలు మూడూ లెక్కలోకి వచ్చేవి. ఐదు వారాలూ వచ్చేవి. కాకపోతే నీ గొయ్యి జనవరిలోనే మొదలై, అవి చాలక చచ్చేదానివి. దాని గురించి ఆలోచించకు." లెయొంటీన్ కాగితాలు సర్దింది. "మళ్ళీ చూడమని రాసుకోవచ్చు. నెల గడువుంది. రాయమంటావా?"

"రాస్తే ఏం చూస్తారు?"

"తేదీలే చూస్తారు."

"అవి మారవు కదా."

"మారవు."

"అయితే వద్దులే అక్కా."

మనిషి మంచితనానికి ఎక్కడో ఒక లెక్క ఉంటుందని అల్మేదా ఎప్పుడూ అనుకోలేదు. ఉంటుందని ఆశపడలేదు కూడా. కానీ అది తనకి వ్యతిరేకంగా, తేదీతో సహా నమోదై ఉంటుందని మాత్రం ఊహించలేదు. దారి పొడుగునా బురద మంచు తొక్కుకుంటూ నడిచింది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఆ రూలు రాసినవాళ్ళ మీద తెచ్చుకుందామా అంటే, రూలు తప్పుగా ఏమీ లేదు. ఏటా ఒకే వేళకి పని పోయేవాళ్ళకి ఇస్తామన్నారు, ఇస్తున్నారు. ఎవరో ఒకరికి చోటిచ్చి ముందే ఇంటికెళ్ళిపోయేవాళ్ళుంటారని ఏ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి తడుతుంది?

ఫ్లోరీన్‌కి చెప్తే పొయ్యి మీద గరిటె పొయ్యి మీదే వదిలేసింది.

"ఫోను ఇలా ఇవ్వు. వాళ్ళని కడిగి ఆరేస్తాను."

"ఎవర్ని వదినా? ఆ టాబ్లెట్టులో మాట్లాడే గొంతునా?"

"ఎవరైతే నాకేం. పోనీ, ఇల్లు తాళం వేసి ఇక్కడికొచ్చెయ్. ఐదు వారాలే కదా. ఇద్దరం కలిసి తింటాం, కలిసి టీవీ చూస్తాం."

ఫ్లోరీన్ ఇంట్లో టీవీ పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పదింటి దాకా అరుస్తుంది. పైగా ఫ్లోరీన్ ఇంట్లో తిన్నంత మాత్రాన శుక్రవారం గడువు ఆగదు. తన ఇల్లు వెచ్చబెట్టే పొయ్యికి నూనె పొయ్యాలి, లేకపోతే పైపులు గడ్డకట్టి పగులుతాయి. ఇవన్నీ చెప్పకుండా అల్మేదా వేరే మాట తెచ్చింది.

"ఏప్రిల్‌లో కడిగే పని ఉంటుంది కదా వదినా. ఎనిమిది మందిని తీసుకుంటారు."

ఫ్యాక్టరీ తెరవబోయే ముందు నాలుగు వారాలు పెట్టెలు, బెల్టులు, తొట్లు కడగాలి. దానికి పట్టీలో పైనున్న ఎనిమిది మందిని పిలుస్తారు. అల్మేదా తొమ్మిదోది. ఎనిమిదోది రేజాన్. అల్మేదా కంటే మూడు నెలల ముందు చేరింది, ఆ మూడు నెలలే ముప్పై ఏళ్ళుగా ఇద్దరి మధ్యా గోడ.

ఫ్లోరీన్ తేరిపార చూసింది. "రేజాన్‌ని అడుగుతావా? ఆవిడ తనకి పట్టిన జలుబు కూడా ఇంకొకరికి అంటించదే. నీకు పని ఇస్తుందా?"

రేజాన్ పేరు అలాంటిది. ముప్పై ఏళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా బెల్టు దిగలేదు. ఆర్మెల్ పెట్టె ఎక్కిన రోజు అందరూ అటూ ఇటూ చూస్తుంటే ఆవిడ మాత్రం పీతకాళ్ళు వేరు చేస్తూనే ఉండేది. భోజనాల గదిలో అందరూ కలిసి కూర్చుని ఆవిడ మీద జోకులు వేసుకునేవాళ్ళు. అల్మేదా తను వెయ్యలేదు గానీ నవ్వింది. చాలాసార్లు నవ్వింది.

గురువారం పొద్దున రేజాన్ ఇంటికి వెళ్ళింది. రోడ్డు చివర, మంచు తోసే బండి కూడా సగంలో తిరిగిపోయే చోట ఆ ఇల్లు. తలుపు తీసిన రేజాన్ చేతులకి పిండి అంటుకుని ఉంది.

"ఎవరన్నా పోయారా?" అంది.

"లేదు."

"మరి ఎందుకొచ్చావు?"

అల్మేదా నోరు తెరిచింది. గుమ్మం మెట్టు మీది మంచుని బూటుతో పక్కకి తోసింది. ముప్పై ఏళ్ళలో ఎంతోమందికి తన చోటు ఇచ్చింది. ఎవర్నీ ఒక్క గంట అడగలేదు. ఇవ్వడానికి మాట అక్కర్లేదు, ఏప్రను విప్పి మేకుకి తగిలిస్తే చాలు. అడగడానికి అలాంటి సైగ ఏదీ ఎవరూ కనిపెట్టలేదు.

"అడుగు. లేకపోతే లోపలికి రా. చలి వచ్చేస్తోంది."

లోపల కూర్చున్నాక చెప్పింది. వరసగా చెప్పలేకపోయింది. క్యాలెండరు, జూలైలు, ఆశ్రమం, శుక్రవారం, అన్నీ కలగాపులగంగా బయటపడ్డాయి. రేజాన్ రొట్టెల పిండి పిసుకుతూ విన్నది. చివర్న అంది:

"నాకు ఐదు వారాలు వచ్చాయి. ఐదేళ్ళూ అక్టోబరే."

"తెలుసు."

"ఊరంతా నన్ను తిట్టుకున్నారు. తిట్టుకుంటున్నారని నాకు తెలీదనుకున్నారా?"

"నేను తిట్టలేదు."

"నవ్వావు. నీ నవ్వు పెద్దది, మూడు బల్లల అవతలికి వినిపిస్తుంది." రేజాన్ పిండి తిరగేసింది. "నువ్వు దిగినప్పుడల్లా ఇంటికెళ్తే అక్కడ యులిస్ ఉన్నాడు. పీతల పడవ సగం నీదే. నేను దిగితే ఇంటి దగ్గర నాకెవరున్నారు? నాకు రేజాన్ ఒక్కతే ఉంది. దానికీ అన్నం పెట్టాలి."

ఆ సంగతి అల్మేదాకి తెలియనిది కాదు. ఊరందరికీ తెలుసు. తెలిసిన సంగతిని తెచ్చి ఆ జోకుల పక్కన పెట్టి చూడాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. తను దాతని అనుకుంది, దాని వెనక మొగుడి పడవ ఉందని అనుకోలేదు. ఈ ఒక్క ఏడు ఒంటరిగా నిలబడేసరికి తనూ రేజాన్ చేసిందే చేసింది, అక్టోబరు దాకా కదల్లేదు.

"నువ్వన్నది నిజమే" అంది.

"నిజమని నాకూ తెలుసు. పనికొచ్చే మాట చెప్పు. కడిగే పని నేను మానేసి నీకివ్వాలి, అంతేనా?"

"అంతే."

"కుదరదు."

అల్మేదా లేవబోయింది.

"కూర్చో. కుదరదంటే ఇవ్వనని కాదు. భృతి తింటూ, వచ్చిన పని వద్దంటే ఆఫీసువాళ్ళు నా వారాలు కోసేస్తారు. నీకు గొయ్యి పూడ్చి నేను అందులో పడనా? సగం చేద్దాం. ఒక రోజు నేను, ఒక రోజు నువ్వు. చేసిన రోజులు నేను రిపోర్టులో రాసుకుంటాను, వాళ్ళు కొంత తగ్గిస్తారు, తగ్గించనీ. నీకు వారానికి మూడు రోజులు, నాకు రెండు. సరిపోతుందా?"

అల్మేదా మనసులో లెక్క వేసుకుంది. సరిపోదు. కానీ పొయ్యి ఆరదు, పైపులు పగలవు, పట్టీలో పేరు ఉంటుంది. ఆదివారాలు ఫ్లోరీన్ దగ్గర కోడి ఫ్రికో పులుసు ఎలాగూ ఉంటుంది.

"సరిపెట్టుకుంటాను."

"మళ్ళీ అడగను. ఖచ్చితంగా చెప్పు."

"సరిపోతుంది."

ఇద్దరూ అప్పుడే ఫ్యాక్టరీకి నడిచారు. ఆర్మెల్ ఆఫీసు గదిలో హీటరు మీద చేతి తొడుగులు ఆరబెట్టుకుంటున్నాడు. రేజాన్ చెప్పింది వింటూ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. బహుశా వాళ్ళిద్దర్నీ ఒక గుమ్మంలో చూడ్డం అతనికి అదే మొదలు.

"పనికి ఎవరు రావాలో పట్టీ చూసి నేను రాస్తానమ్మా. మీరు ఇంట్లో పంచుకుని రావడం కాదు."

"అయితే రాయి. మేం చెప్పినట్టు రాయి" అంది రేజాన్.

"యూనియను అడిగితే?"

"అడిగితే నా దగ్గరికి పంపించు. వస్తారేమో చూద్దాం."

ఆర్మెల్ అల్మేదా వైపు తిరిగాడు. "నీకు ఈ పని కావాలా పిన్నీ? నువ్వు నోరు తెరిచి కావాలని చెప్తే రాస్తాను. ఆవిడ చెప్తే కాదు."

అల్మేదా మొహం వేడెక్కింది. నలభై ఏళ్ళు కూడా లేని కుర్రవాడు, ముప్పై ఏళ్ళ సీనియర్ని అడిగి చెప్పించుకుంటున్నాడు. కానీ వాడి మాటలో వెటకారం లేదు. ఇన్నేళ్ళూ కాగితం పట్టుకుని పెట్టె మీద నిలబడి ఆమె ఏప్రను విప్పుతుంటే చూసినవాడు వాడే.

"కావాలి" అంది. "నాకు కావాలి ఆర్మెల్."

అతను రాసుకున్నాడు. ఏప్రిల్ మొదటి సోమవారం నుంచి రమ్మన్నాడు.

మర్నాడు శుక్రవారం. పదకొండింటికి అల్మేదా బాథర్స్ట్‌కి ఫోను చేసింది. ఆశ్రమంలో ఆ పని చూసే ఆవిడ మంచి మనిషి. జనవరిలో ఎంత మర్యాదగా మాట్లాడిందో ఇప్పుడూ అంతే మర్యాదగా మాట్లాడింది.

"ఇక్కడ ఏడాది పొడుగునా పని ఉంటుందండీ. అక్కడ సముద్రం ఎప్పుడు ఇస్తుందో, ఎప్పుడు ఇవ్వదో తెలీదు. పోయిన ఏడు పడవలు పట్టుకోనిచ్చే పీతల వాటా కూడా తగ్గించారని విన్నాను. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండీ."

"మీ పేరు తీసేస్తే మళ్ళీ పిలవలేకపోవచ్చు."

"తెలుసండీ. తీసెయ్యండి."

"ఏదైనా దొరికిందా మరి?"

"సగం దొరికింది" అంది అల్మేదా. అటువైపు ఆవిడకి అర్థం కాలేదు, అడగనూ లేదు. శుభం కలగాలని చెప్పి పెట్టేసింది.

ఫోను బల్ల మీద పెట్టి కూర్చుంది. చేసింది మంచో చెడో ఆమెకి తేలలేదు. ఏడాది పొడుగునా వెచ్చటి గదిలో దుప్పట్లు ఉతికే పని వదిలేసి, మంచు నీళ్ళతో పెట్టెలు కడిగే సగం పని పట్టుకుంది. ఎవరన్నా అడిగితే చెప్పడానికి సరైన కారణం కూడా లేదు. వచ్చే ఏడు గొయ్యి మళ్ళీ వస్తుంది. అప్పటికి ఆ పాత అక్టోబరు ఐదేళ్ళు దాటి లెక్కలోంచి పోతుంది, కొత్తవి రెండవుతాయి, ఆ పై ఏడు ఇంకోటి పడితే సరి, అంటే ఆ మధ్యలో ఏ పాలు తాగే పిల్ల తల్లి బెల్టు దగ్గర నిలబడి ఆమె వంక చూసినా, తను కదలకూడదు. కదలకుండా ఉండగలనా అనుకుంది. ఉండగలదో లేదో తెలియలేదు.

కాసేపటికి లేచి, రబ్బరు బూట్లు ఎక్కడ పడేసిందో గుర్తు రాక, మెట్ల కింద అర తెరిచి వెతకడం మొదలుపెట్టింది.